మాచిపత్రి చిగుళ్ళు

ఒక్కగానొక్క కూతురు పరాయివాళ్ళ ఇంట్లో కడుపునిండా తినొచ్చి, కన్నతల్లి వడ్డించిన కంచం ముందు కూర్చుని "ఆకలి లేదమ్మా" అంటే ఏ తల్లికి మండదు? ప్రమోదకు మండింది. అరికాలి మంట నెత్తికెక్కింది. 1981 ఎండాకాలమంతా ఆ మంట ఆరనే లేదు.

వాళ్ళు ఉండేది వెస్ట్ వర్జీనియా కొండల్లో, బొగ్గు గనుల మధ్య ఇరుక్కున్న ఓ చిన్న ఊళ్ళో. భర్త హరనాథ్ అక్కడి ఆస్పత్రిలో గని కార్మికుల ఊపిరితిత్తులు చూసే డాక్టరు. చుట్టుపక్కల ఎంత దూరం వెతికినా ఇంకో తెలుగు గడప లేదు. పసుపో బెల్లమో కావాలంటే అర్ధదినం డ్రైవ్ చేసి పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళి, ఆ వంకతో అక్కడి ఇండియన్ షాపులో కొనుక్కోవాలి. అలా తెచ్చుకున్న సరుకులతో ప్రమోద మడి కట్టుకుని వండుతుంది. ఆ వంటింట్లోకి ఇంకొకరు అడుగు పెట్టడానికి వీల్లేదు. పన్నెండేళ్ళ రేణు ఎప్పుడైనా గరిటె మీద చెయ్యి వేస్తే చాలు, "ముట్టుకోకు, నేను పెడతానుగా" అనేస్తుంది. అంత శ్రద్ధగా వండి వడ్డిస్తే ఆ పిల్ల ఫోర్కుతో నాలుగు మెతుకులు కెలికి, పాలల్లో వేసుకు తినే సీరియల్ డబ్బా తెచ్చుకుంటుంది. ఇక్కడ పుట్టిన పిల్ల, దాని నాలుకే అంత అని ఇన్నాళ్ళూ ప్రమోద సర్దుకుపోయింది. హియెన్ ఊళ్ళోకి వచ్చేదాకా.

హియెన్ వాళ్ళు శరణార్థులు. ఊరి చర్చివాళ్ళు స్పాన్సర్ చేసి తీసుకొచ్చారు. వియత్నాంలో ఉత్తరాన, చైనా సరిహద్దు కొండల్లో ఉండే తాయ్ అనే జాతి వాళ్ళది. యుద్ధం వాళ్ళ పల్లె మీద పడితే పడవెక్కి హాంకాంగ్ శిబిరానికి, అక్కడినుంచి ఇక్కడికీ వచ్చిపడ్డారు. భర్త కలప మిల్లులో పనిచేస్తాడు. ఇద్దరు చిన్న పిల్లలు. వాగు అవతల గుట్టమీద ట్రైలర్ ఇల్లు. ఇరవై ఆరో ఏడో ఉంటాయేమో హియెన్‌కి. అమ్మానాన్నలు ఆ కొండల్లోనే ఉండిపోయారు, ఉన్నారో లేరో కబురు లేదు.

చలికాలంలో ఆమె చిన్నపిల్లకు నిమోనియా వస్తే హరనాథ్ ఇంటికి వెళ్ళి మరీ చూశాడు. పిల్ల కోలుకున్నాక హియెన్ ఆయన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. మాంసం ముట్టడని తెలుసుకుని ఒట్టి జిగురు బియ్యపు అన్నం పెట్టింది, ఒక్కో ముద్దా ఒక్కో రంగు. వాళ్ళ పల్లెలో పండగలకు అలా అయిదు రంగుల్లో వండుతారట. ఇక్కడ ఆ ఆకులు దొరక్క నల్లద్రాక్షతో ఊదా, బీట్‌రూట్‌తో ఎరుపు వేసిందట. ఆ పెద్దమనిషి బుద్ధిగా తిని ఊరుకున్నాడా? ఇంటికొచ్చి, ప్రమోద పులిహోర కలుపుతున్న సమయాన ఆ అన్నం గురించి అరగంటసేపు వర్ణించాడు. ఇంకొకావిడ చేతి వంటను పెళ్ళాం ముందు పొగడకూడదన్న ఇంగితం మెడికల్ కాలేజీలో నేర్పరు కాబోలు. ప్రమోద పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

అది అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాతి శనివారం ఆయన రేణును కూడా తీసుకెళ్ళాడు. ఆపై ఆ పిల్లకి నాన్న అక్కర్లేకపోయింది, శనివారం వస్తే చాలు సైకిలెక్కి వాగు దాటేసేది. సాయంత్రం వేళ్ళకు ఆకుపచ్చ మరకలతో, జుట్టునిండా ఆవిరి వాసనతో తిరిగొచ్చేది. హియెన్ ఆంటీ ఇలా చేసింది, హియెన్ ఆంటీ అలా చెప్పింది. ఆ పేరు వింటేనే ప్రమోదకు ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

ఇది చాలదన్నట్టు ఇంట్లో బెల్లం తరిగిపోసాగింది. నల్లనువ్వుల డబ్బా సగానికొచ్చింది, పసుపు సీసా అడుగంటింది. ప్రమోద హరనాథ్‌ని నిలదీసింది. ఈ వయసులో దొంగతనంగా బెల్లం తినడమేమిటి, ఇంకొకరికైతే షుగరు టెస్టులు రాసిస్తారుగా అని దులిపేసింది. ఆయన పేపరు వెనక నుంచి ఊఁ అన్నాడు. పసుపు కూడా తింటున్నారా అని అడిగితే దానికీ ఊఁ అన్నాడు.

జూలై ఆఖరున ఒక శనివారం వాన ముసురుకుంది. రేణును సైకిలు మీద రానివ్వకుండా తనే కారులో తీసుకురావాలని ప్రమోద మొదటిసారి ఆ గుట్ట ఎక్కింది. నిజానికి వానది వట్టి సాకు. అక్కడేముందో తన కళ్ళతో చూడాలి, అంతే.

జాలీ తలుపులోంచి లోపలంతా కనిపించింది. మధ్యలో ఒక రోలు. మిల్లులో పారేసిన దుంగను హియెన్ భర్త తొలిచి చేశాడు. ఉడికించిన జిగురు అన్నమూ, ఉడికించి పిండిన ఏదో ఆకూ ఆ రోట్లో వేసి రేణు దంచుతోంది. తన రేణు! ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు తీసి సింకులో పెట్టని రేణు, చెమటలు కక్కుతూ రోకలి ఎత్తి వేస్తోంది. హియెన్ రోలు పక్కన కూర్చుని, పోటుకూ పోటుకూ మధ్య తడిచేత్తో పిండిని తిరగేస్తోంది. దంచడం అయ్యాక ఇద్దరూ కలిసి ఆ ఆకుపచ్చ పిండిని చేత్తో వత్తి, నడుమ బెల్లమూ దంచిన నల్లనువ్వులూ పెట్టి మూసి, మొక్కజొన్న పొత్తుల మీది ఆకులో చుట్టారు. అప్పటికే ఆవిరి మీద ఉడికినదొకటి విప్పి, నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని రేణు వేళ్ళతో తింది. వేళ్ళతో! వేళ్ళు కూడా నాకింది.

ఆ వాసన ప్రమోదకు తెలుసు. బెల్లమూ నువ్వులూ సరే, ఆ ఆకు వాసన కూడా తెలుసు. మాచిపత్రి. వినాయకచవితికి పత్రిలో మొదట వేసే మాచిపత్రి. తమ ఇంటి వెనక, వాగు ఒడ్డున అదే ఆకు నడుమెత్తు పెరిగి ఉంటే, పోయిన ఏడు చూసి ఎంత సంబరపడిపోయిందో. ఈ దేశంలో ఇక్కడివాళ్ళకి అది కలుపుమొక్క. ఆ ఒడ్డునుంచే హియెన్ బుట్టలతో కోసుకొస్తోందన్నమాట.

హియెన్ ఆమెను చూసి గబగబా లేచి తలుపు తీసింది. రెండు చేతులతో ఒక కుడుము అందించింది. ప్రమోదకు నోరూరింది, అబద్ధమెందుకు. కానీ ఆ చేతులకు అంటిన పిండి, కూతురి బుగ్గకు అంటిన పిండి ఒకటే అని కనిపించేసరికి ఇవాళ ఉపవాసం అని చెప్పి కారు దగ్గరకి నడిచింది.

కారులో రేణు ఆగకుండా మాట్లాడింది. వాళ్ళ ఇంట్లో తినేవాళ్ళందరూ దంచాల్సిందేనట, నాన్న కూడా దంచాడట. వాళ్ళ క్యాలెండరులో ఏడో నెల పున్నమికి పెద్ద పండగట. పెళ్ళయిన కూతురు మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని, ఒక బాతునూ ఈ ఆకు కుడుములనూ తీసుకుని పుట్టింటికి వెళ్ళాలట. హియెన్ ఆంటీకి ఇక్కడ వెళ్ళడానికి ఇల్లు లేదు, అయినా చేస్తుందట, చేసి ఉత్తరం దిక్కుగా పెడుతుందట. అంతా చెప్పి చివర్న అసలు సంగతి బయటపెట్టింది.

"ఆగస్ట్ ఫోర్టీన్త్, ఫ్రైడే. నేను పొద్దున్నుంచి అక్కడ ఉంటానమ్మా. హెల్ప్ చేస్తానని ప్రామిస్ చేశాను."

ఆ శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. ఏడాదికి ఒక్కసారి ప్రమోద కూతురికి పట్టులంగా కట్టి పక్కన కూర్చోబెట్టుకునే రోజు. వాయనం అందుకోవడానికి ముత్తైదువే లేని ఈ ఊళ్ళో, "ఇస్తినమ్మ వాయనం" అని తనే అని, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని తనే బదులు చెప్పుకుంటుంది. ఆ వెర్రి తంతు చూడటానికి రేణు ఒక్కతే ఉంటుంది. ఇప్పుడు ఆ ఒక్కతీ ఉండదట.  ఇంటిదాకా వైపర్లు కీచుమంటూ తిరిగాయి.

సోమవారం రేణు లైబ్రరీకి వెళ్ళగానే గరాజ్‌లోంచి పొదలు కత్తిరించే పెద్ద కత్తెర తీసింది. నైలాన్ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, కాళ్ళకు భర్త స్నీకర్లు తొడుక్కుని వాగు ఒడ్డుకు దిగింది. మొదటి కొమ్మ మీద కత్తెర పెట్టినప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. అది తన చవితి పత్రి కూడా. అయితే అయిందిలే, నాకు లేకపోయినా ఫరవాలేదు, దానికి మాత్రం దక్కకూడదు. ఎలా చేస్తుందో చూస్తాను కుడుములు, నా పిల్లనెలా పిలుచుకుంటుందో చూస్తాను. అలా గొణుక్కుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా మొదలంటా కోసేసింది. చేతులు బొబ్బలెక్కాయి. ఒడ్డంతా బోడిగుండు చేసి, కోసిందాన్ని వాగులోకి తోసి తల ఎత్తేసరికి, పైన సైకిలు పట్టుకుని రేణు నిలబడి ఉంది.

"పాములుంటాయని," అంది ప్రమోద.

రేణు సైకిలు గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి ఆ పిల్ల గుట్ట ఎక్కలేదు. ఎందుకు వెళ్ళడం లేదని హరనాథ్ అడిగితే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనూ అందట. శనివారాలు గదిలోనే పడుకుంది. అన్నానికి పిలిస్తే వచ్చి కూర్చునేది, ఒక్క మాట లేకుండా కెలికి లేచిపోయేది. ప్రమోద కోరుకున్నది ఇదేగా, పిల్ల ఇంటిపట్టున ఉంది. కానీ పక్కగదిలో ఉన్న పిల్ల వాగు అవతలి గుట్టకన్నా దూరమైపోయింది. ఒకటి రెండుసార్లు తలుపు దగ్గరిదాకా వెళ్ళి, ఏం మాట్లాడాలో తోచక వెనక్కి వచ్చింది. దీనికంతటికీ ఆ హియెనే కారణమని ఇంకాస్త ఉడుక్కుంది.

వ్రతం రోజు వచ్చింది. తెల్లవారుజామునే లేచి తలారా స్నానం చేసి, కలశం పెట్టి, పూర్ణాలూ గారెలూ చక్రపొంగలీ చేసింది. రేణు పట్టులంగా కట్టుకోలేదు. జీన్స్‌తోనే వచ్చి, గోడకానుకుని, పూజ అయ్యేదాకా నేల చూస్తూ కూర్చుంది. ప్రమోద ఒక్కతే మంగళహారతి పాడింది. వాయనం పళ్ళెం చేతుల్లోకి తీసుకుని, ఇవ్వడానికి ఎవరూ లేని పీట వైపు తిరిగి నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడు డోర్‌బెల్ మోగింది.

హరనాథ్ తలుపు తీశాడు. గుమ్మంలో హియెన్. నీలిమందు రంగు పొడుగాటి చొక్కా, మెడలో సన్నటి వెండి కంటె. వెనక భర్త, ఇద్దరు పిల్లలు, నలుగురూ తలలు నున్నగా దువ్వుకుని ఉన్నారు. హియెన్ ఒక చేతిలో మూత పెట్టిన బుట్ట. రెండో చంకలో, కాలికి ఎర్రదారం కట్టిన బతికున్న బాతు. అది ఇల్లంతా ఒకసారి కలయజూసి గట్టిగా అరిచింది.

"టుడే, డాటర్ కమ్ హోమ్," అంది హియెన్. బాతును హరనాథ్ చేతుల్లో పెట్టి, ప్రమోద ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బుట్ట ఆమె పాదాల దగ్గరికి జరిపింది.

ప్రమోదకు ఏమీ అర్థంకాలేదు. కూతురి వైపు చూసింది. రేణు ముఖంలో రంగు పోయింది. చాలా రోజుల తర్వాత తల్లితో మాట్లాడింది.

"బెల్లం, పసుపు, నువ్వులు... నేనే తీసుకెళ్ళానమ్మా. నేను ఇస్తే తీసుకోలేదు. సో, మా అమ్మ పంపించింది అని చెప్పాను. ఎవ్రీ వీక్. వాళ్ళ ఊళ్ళో అలా మదర్ మాత్రమే పంపిస్తుందట."

సారె. ప్రమోదకు ఆ మాట దానంతటదే నోటికొచ్చింది. కూతురు కాపురానికి పుట్టింటినుంచి వెళ్ళే సారె. ఈ పిల్ల తన వంటింట్లోంచి డబ్బాలు డబ్బాలు మోసుకెళ్ళి, ఆ ఘనతంతా తల్లికి కట్టబెట్టి వచ్చింది. బాతును పట్టుకుని కొయ్యబారి నిలబడ్డ భర్త వైపు చూస్తే ఆయన చూపు తప్పించుకున్నాడు. బెల్లం నింద ఎందుకు నెత్తిన వేసుకున్నాడో అప్పుడు తెలిసింది.

హియెన్ బుట్ట మూత తీసింది. వరుసగా పేర్చిన కుడుములు, పొత్తాకుల సందుల్లోంచి లేత ఆకుపచ్చ. ఇదివరకు చూసిన ముదురు రంగు కాదు. చేతులు తిప్పుతూ, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఏదో గబగబా చెప్పింది, చెబుతూ ప్రమోద బొబ్బల మచ్చలు పడ్డ అరచేతిని తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. రేణు తెలుగులో చెప్పింది.

"వాళ్ళ మదర్ కూడా ఇలాగే చేసేదట. ఫెస్టివల్‌కి ముందు ముదురు మొక్కలన్నీ కోసేస్తే, పండగ టైంకి లేతవి వస్తాయట. వాటితో చేస్తేనే చేదు ఉండదట. తను చెప్పకుండానే నీకెలా తెలిసిందీ అంటోంది. హూ కట్ ఇట్, నువ్వేనా అని అడుగుతోంది." ఆపై తల్లి కళ్ళలోకి చూసింది. "ఏం చెప్పనమ్మా?"

 కుళ్ళుతో కోశాను, నీ నోటిదగ్గరిది లాక్కోవాలని కోశాను. ప్రమోదకు గొంతుదాకా వచ్చింది, పెదవి దాటలేదు.

"నీ ఇష్టం," అంది చివరికి. "ఏం చెప్పినా నాకు తగిందే."

రేణు హియెన్ వైపు తిరిగి, అవును, మా అమ్మే కోసింది, మొత్తం తన చేతులతో తనే కోసింది అని ఇంగ్లీషులో చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ప్రమోద తల దించుకుంది.

హియెన్ ఒక కుడుము విప్పి అందించింది. వ్రతం రోజున, అమ్మవారికి నైవేద్యం పెట్టినది కాకుండా, మడీ ఆచారమూ లేని చేతులతో చేసినది. ప్రమోద తీసుకుని కొరికింది. పళ్ళకు అంటుకునే మెత్తదనం, ముందు మాచిపత్రి వగరు, వెంటనే బెల్లమూ నువ్వులూ. తన బెల్లమే. తన డబ్బాలో ఇన్నేళ్ళున్న బెల్లం ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తింటూనే ఇంకొకటి కావాలని చెయ్యి చాచింది.

తర్వాత చేయాల్సింది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. హియెన్‌ని పీట మీద కూర్చోబెట్టి పాదాలకు పసుపు రాసింది, నుదుట కుంకుమ పెట్టింది, మెడకు గంధం అద్దింది. శనగలూ తమలపాకులూ రవికగుడ్డా ఉన్న వాయనం పళ్ళెం కొంగుచాటున పట్టుకుని "ఇస్తినమ్మ వాయనం" అంది. హియెన్ తెల్లముఖం వేసింది. గోడ దగ్గరినుంచి రేణు అందించింది, "పుచ్చుకుంటినమ్మ వాయనం." హియెన్ కష్టపడి ఆ మాటలు కూడబలుక్కుని పళ్ళెం అందుకుంది. పుట్టింటికి వచ్చిన పిల్ల ఎంగిలి పడకుండా ఎలా వెళుతుంది? ప్రమోద గిన్నెలోంచి నేతిలో ముంచిన పూర్ణం తీసి తన చేత్తోనే హియెన్ నోట్లో పెట్టింది. ఆమె పిల్లలిద్దరికీ పెట్టింది. హియెన్ ఏడుస్తూ నమిలింది, ఏడుస్తూనే ఇంకోసారి నోరు తెరిచింది. బాత్‌రూమ్‌లో టబ్బులోకి బాతును దించుతున్న హరనాథ్ నీళ్ళు చిందించుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకెప్పుడూ అలా పెట్టలేదు."

ప్రమోద వెనక్కి తిరిగింది. రేణు మూతి ముడుచుకుని నిలబడి ఉంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. చూపు హియెన్ పసుపు పాదాల మీదినుంచి నెయ్యి అంటిన పెదవుల మీదికి, అక్కడినుంచి తల్లి వేళ్ళ మీదికి పాకి అక్కడే ఆగింది. ఆ ముఖం ప్రమోదకు కొత్త కాదు. ఎండాకాలమంతా తన అద్దంలో చూసింది అదే. పిల్ల కుళ్ళుకుంటోంది, తల్లి చేతి ముద్ద ఇంకొకరి నోట్లోకి పోతోందని నిలువునా ఉడుక్కుంటోంది. ప్రమోదకు ప్రాణం లేచొచ్చింది. కానీ నవ్వితే పిల్ల పారిపోతుందని నవ్వలేదు.

"గిన్నె ఖాళీ అయిపోయింది," అంది. "పూర్ణం ఉంది, ముంచడానికి తోపు పిండి ఉంది. లోపలికి రా. నువ్వు ఉండలు చెయ్యి, నేను వేయిస్తాను."

రేణు కదల్లేదు. "మడి కదా?"

"చేతులు కడుక్కో, చాలు."

రేణు సింకు దగ్గరికి వెళ్ళి మోచేతులదాకా కడుక్కుంది. జీన్స్‌కి చేతులు తుడుచుకుని, వంటింటి గడప దగ్గర ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి పీట మీదున్న హియెన్‌ని చూసింది.

"ఫస్ట్‌ది నాకే పెట్టాలి," అంది తల్లితో. "హియెన్ ఆంటీకి కాదు."